చైన్‌సా చైన్‌కి పదును: ఏ ఆకురాయి పద్ధతి పనికొస్తుంది, ఏది చైన్‌ని తినేస్తుంది

చైన్‌సా చైన్‌కి పదును పెట్టే సాధనాలు ఇప్పుడు చాలా రకాలు దొరుకుతున్నాయి. ఒట్టి గుండ్రటి ఆకురాయి, దానికి తగిలించుకునే రేకు గైడ్, రోలర్ గైడ్, టూ-ఇన్-వన్, బార్‌కి (చైన్ చుట్టూ తిరిగే పొడుగు పలకకి) బిగించే చట్రం, బ్యాటరీతో తిరిగే చిన్న రాయి, బల్ల మీద బిగించే గ్రైండర్. అన్నిటి పెట్టెల మీదా కోణం గురించే గొప్పగా రాసి ఉంటుంది. కానీ రెండు వైపుల పళ్లకీ ఒకేలా ఉన్నంతవరకు కోణం రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయినా మాను తెగుతుంది. ఆకురాయి ఎత్తు అర మిల్లీమీటరు తప్పిందంటే మాత్రం ఎంత రుద్దినా ప్రయోజనం లేదు. అందుకే ఇక్కడ ప్రతి సాధనాన్నీ రెండే ప్రశ్నలతో తూచాం. ఆకురాయిని ప్రతి పన్నుకీ ఒకే ఎత్తులో నిలబెడుతుందా? పన్ను ముందు ఉండే డెప్త్ గేజ్ సంగతి చూస్తుందా, వదిలేస్తుందా?

సాధనాల్లోకి వెళ్లే ముందు చైన్ ఏదో తెలియాలి. ఆకురాయి లావు దాన్ని బట్టే ఉంటుంది.

మన దగ్గర సుబాబుల్, జామాయిల్, సరుగుడు తోటల్లో తిరిగే 58 సీసీ మిషన్లలో 18, 20, 22 అంగుళాల బార్లు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం .325 పిచ్ చైన్‌తో వస్తాయి (పిచ్ అంటే వరసగా ఉన్న మూడు రివెట్ల దూరంలో సగం, అంగుళాల్లో). దానికి 4.8 మి.మీ. ఆకురాయి కావాలి. స్టిల్ ఎంఎస్ 180 లాంటి చిన్న మిషన్లకి 3/8 లో ప్రొఫైల్ చైన్ ఉంటుంది, దానికి 4.0 మి.మీ. పెద్ద మిషన్ల 3/8 చైన్‌కి స్టిల్ కంపెనీ 5.2 మి.మీ. చెబుతుంది, ఓరెగాన్ కంపెనీ 5.5 మి.మీ. చెబుతుంది. మరీ పెద్దదైన .404కి 5.5 మి.మీ. పెట్టె పోయి చైన్ ఒక్కటే మిగిలితే పక్కపక్కనే ఉన్న మూడు రివెట్లలో మొదటి దాని నడుమ నుంచి మూడో దాని నడుమకి కొలవండి. సుమారు 16.5 మి.మీ. వస్తే .325, 18.6 మి.మీ. వస్తే 3/8. స్టిల్ చైన్లలో అయితే డెప్త్ గేజ్ మీదే అంకె కొట్టి ఉంటుంది: 2 ఉంటే .325, 3 ఉంటే 3/8, 6 గానీ పి అక్షరం గానీ ఉంటే లో ప్రొఫైల్. లో ప్రొఫైల్‌కీ మామూలు 3/8కీ రివెట్ల దూరం ఒకటే కాబట్టి కొలతతో అవి తేలవు. పన్ను ఎత్తు చూసి పోల్చుకోవాలి, లో ప్రొఫైల్ పన్ను పొట్టిగా ఉంటుంది.

కొనేటప్పుడు జరిగే అతి పెద్ద పొరపాటు ఇక్కడే. హార్డ్‌వేర్ షాపులో గుండ్రటి ఆకురాయి అడిగితే మామూలు రౌండ్ ఫైలు ఇస్తారు. అది పిడి దగ్గర లావుగా ఉండి కొస వైపు సన్నబడుతుంది. చైన్‌సా ఆకురాయి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే లావు ఉండాలి. సన్నబడే ఫైలుతో రుద్దితే తోపు మొదట్లో ఒక వంపు, చివర్లో ఇంకో వంపు పడతాయి. వెర్నియర్ ఉంటే రెండు చోట్ల కొలిచి తీసుకోండి, లేకపోతే బల్ల మీద దొర్లించి చూడండి. ఒకే లావున్నది తిన్నగా దొర్లుతుంది, సన్నబడేది పక్కకి తిరుగుతుంది. స్విట్జర్లాండ్ వల్లార్బ్, జర్మనీ ఫెర్డ్ ఆకురాళ్లు మంచివి. మన జేకే ఫైల్స్ కూడా చైన్‌సా ఆకురాళ్లు చేస్తుంది. పేరు లేని సెట్లలో వచ్చే వాటికి చాలాసార్లు రెండు చైన్లు తిరగకముందే కరుకు పోతుంది.

ఇక పన్ను. చైన్‌సా పన్నుని దగ్గరగా పట్టుకుని చూస్తే పైన ఒక రేకు, పక్కన నిలువుగా ఒక రేకు, అవి రెండూ కలిసే చోట ఒక మూల కనిపిస్తాయి. పక్క రేకు, ఆ మూల కలిసి కొయ్య నారని అడ్డంగా తెంపుతాయి. పై రేకు అంచు ఉలిలా పొరని లేపుతుంది. రెండు రేకుల బయటి వైపు పలచటి క్రోమ్ పూత ఉంటుంది, గట్టిగా నిలబడే అంచు దానిదే. పన్ను ముందు చిన్న మొట్టలా నిలబడి ఉండేది డెప్త్ గేజ్. ఒక్కో పన్ను కొయ్యలోకి ఎంత లోతు దిగాలో అది నిర్ణయిస్తుంది. పన్నుని ఎండలోకి తిప్పి చూడండి. అంచు వెంట సన్నటి తెల్లటి గీత మెరిస్తే అది మొద్దుబారినట్టు. పదునైన అంచు మీద వెలుగు నిలవదు. పదును పెట్టడం పూర్తయిందా లేదా చెప్పే పరీక్ష కూడా ఇదే. ఆ మెరుపు మూలతో సహా మాయమయ్యేదాకా రుద్దాలి. మూలలో చుక్కంత మెరుపు మిగిలినా ఆ పన్ను తెగకుండా రాసుకుంటూ పోతుంది.

ఆకురాయిని పన్ను గాడిలో పెట్టినప్పుడు దాని లావులో ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు పై రేకుకి పైన కనిపించాలి. 4.8 మి.మీ. ఆకురాయి అయితే దాదాపు 1 మి.మీ. అంతకంటే కిందికి దిగితే అంచు కింద లోతుగా గుంట పడి పన్ను కొక్కెంలా తయారవుతుంది. మొదటి రెండు మూడు కోతల్లో భలే లాగుతుంది, తర్వాత సన్నటి అంచు చిట్లి వెంటనే మొద్దుబారుతుంది. ఆకురాయి మరీ సన్నదైనా ఇదే జరుగుతుంది. మరీ లావైనా, ఎత్తులో పట్టినా పన్ను మొహం వెనక్కి వాలిపోతుంది. అప్పుడు మిషన్‌ని భుజబలంతో మాను మీదికి నొక్కాల్సి వస్తుంది, బార్ వేడెక్కుతుంది, పొట్టు పిండిలా రాలుతుంది.

ఒట్టి ఆకురాయి

అన్నిటికంటే చవక, అన్నిటికంటే వేగం. నేర్చుకోవడం మాత్రం అన్నిటికంటే కష్టం. తోటలో చెట్ల మధ్య డీజిల్ క్యాన్ మీద కూర్చుని పది నిమిషాల్లో చైన్ సిద్ధం చేసే పాత చేతులు ఏ గైడూ వాడవు. వాళ్ల పళ్లు చూస్తే గైడ్‌తో చేసిన వాటికి ఏమీ తీసిపోవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఈ దారి మంచిది కాదు. చెయ్యి తెలియకుండానే కిందికి జారి ప్రతి పన్నూ కొక్కెంలా తయారవుతుంది.

చేసే పద్ధతి ఇది. ఇంజన్ ఆపి ప్లగ్ క్యాప్ తీసెయ్యండి. చేతికి తొడుగు వేసుకోండి. బార్‌ని వైస్‌లో బిగించండి. తోటలో అయితే మోడుకి మిషన్‌తోనే ఒక గాటు పెట్టి ఇంజన్ ఆపాక బార్‌ని అందులో దించి, పక్కన చెక్క ముక్క కొట్టినా కదలకుండా నిలుస్తుంది. చైన్‌ని మామూలు కంటే కాస్త బిగించండి, వదులుగా ఉంటే పన్ను పక్కకి ఒరిగి కోణం మారిపోతుంది. చైన్ మీది నూనె, పొట్టు బ్రష్‌తో తుడిచెయ్యండి. నూనె అంటిన ఆకురాయి జారుతుంది, కొరకదు. అదే కారణంతో ఆకురాయికి ఎప్పుడూ నూనె రాయకూడదు. తుప్పు భయం ఉంటే సుద్ద పూసి గుడ్డలో చుట్టి పెట్టుకోండి. రెంచీలతో కలిపి సంచిలో పడేస్తే దాని కరుకు అక్కడే పోతుంది.

అన్నిటికంటే పొట్టి పన్ను ఏదో చూసి మార్కర్‌తో గుర్తు పెట్టి దానితో మొదలుపెట్టండి. పన్ను లోపలి వైపు నుంచి బయటికే తొయ్యాలి. వెనక్కి లాగేటప్పుడు ఆకురాయిని పైకి లేపేయాలి, లాగుతూ రుద్దితే ఆకురాయి కరుకే చెడుతుంది. నొక్కు పన్ను వెనక వైపుకి, కాస్త పైకి ఉండాలి, కిందికి కాదు. ఆకురాయి బార్‌కి అడ్డంగా పట్టిన గీత నుంచి 30 డిగ్రీలు తిరిగి ఉండాలి. చాలా చైన్లకి ఇదే కోణం, కొన్నిటికి 25. కొన్ని చైన్లకి ఆకురాయి పిడి 10 డిగ్రీలు కిందికి దించి పట్టమని పెట్టె మీద రాసి ఉంటుంది, లేకపోతే నేలకి సమంగా పట్టాలి. పన్నుకి రెండు నుంచి నాలుగు తోపులు చాలు. మొదటి పన్నుకి ఎన్ని వేశారో ఆ వైపు పళ్లన్నిటికీ అన్నే వెయ్యండి. రెండు మూడు పళ్లకోసారి ఆకురాయిని వేళ్ల మధ్య కాస్త తిప్పండి, లేకపోతే ఒకవైపే అరిగిపోతుంది. ఒక వైపు పళ్లన్నీ అయ్యాక మనిషి అటు తిరిగి రెండో వైపు మొదలుపెట్టాలి.

22 అంగుళాల బార్ మీద 86 డ్రైవ్ లింకుల (బార్ గాడిలో దూరి నడిచే లింకులు) చైన్ ఉంటే, రెండింటికి ఒకటి చొప్పున పళ్లు 43. అంటే ఒకవైపు 22, ఇంకోవైపు 21, ఒకచోట ఒకే వైపు పళ్లు రెండు వరసగా వస్తాయి. చైన్ తేడాది ఇచ్చారని షాపువాళ్లతో గొడవ పెట్టుకోనక్కర్లేదు. పైగా ఎక్కడ మొదలుపెట్టారో గుర్తుంచుకోడానికి ఆ జంట బాగా పనికొస్తుంది.

కుడిచేతి వాటం వాళ్లకి ఒకవైపు తోపు సుళువుగా, బలంగా వస్తుంది. రెండో వైపు పళ్లు పొడుగ్గా మిగిలిపోతాయి. కొన్నాళ్లకి కోత ఒక పక్కకి వంకరపోతుంది. ఒట్టి ఆకురాయి వాడేవాళ్లు నెలకోసారైనా రెండు వైపుల పళ్ల పొడవు కొలిచి చూసుకోవాలి.

రేకు గైడ్, రోలర్ గైడ్

ఓరెగాన్ తరహా రేకు గైడ్ అంటే ఆకురాయి మీద బిగించుకునే ఒక ఇనుప పలక. పలక పన్ను పై రేకు మీదా, డెప్త్ గేజ్ మీదా ఆనుతుంది కాబట్టి ఆకురాయి కావలసిన దానికంటే లోతుకి దిగదు. పలక మీద 25, 30, 35 డిగ్రీల గీతలు ఉంటాయి. కావలసిన గీత బార్‌కి సమాంతరంగా ఉండేలా పట్టుకుంటే చాలు. పెట్టిన డబ్బుకి ఇంత ఉపయోగం ఇచ్చే సాధనం ఇంకోటి లేదు. లోపాలు రెండు. పలక అడ్డం ఉండటంతో అంచు కనపడదు, ప్రతి పన్ను తర్వాతా పలక ఎత్తి చూడాలి. రెండోది, డెప్త్ గేజ్ అతిగా అరిగిపోయి ఉంటే పలక ముందుకి వాలి ఆకురాయి ఎత్తు మారుతుంది. పలకకి పట్టే స్ప్రింగ్ క్లిప్పులు వదులైతే ఆకురాయి లోపలే ఊగుతుంది, అప్పుడప్పుడు నొక్కి బిగించుకోవాలి.

హస్క్‌వర్నా రోలర్ గైడ్ చైన్ మీద కూర్చుంటుంది. ఆకురాయి గట్టిపరచిన రెండు రోలర్ల మీద జరుగుతుంది. రోలర్లే ఎత్తుని కట్టడి చేస్తాయి, అవి తిరిగి ఉన్న దిక్కే కోణం చూపిస్తుంది. అంచు కళ్లెదుట కనిపిస్తుంది, అదే దీని గొప్ప. చెయ్యి తిరగని వాళ్లకి చెయ్యి తిప్పడం నేర్పే సాధనం కూడా ఇదే. కొన్ని వారాలు దీనితో చేస్తే ఒట్టి ఆకురాయి పట్టినా మణికట్టు ఆ దారిలోనే పోతుంది. దీనితోపాటే డెప్త్ గేజ్ కొలిచే రేకు వస్తుంది, మెత్తటి కొయ్యకి ఒక కిటికీ, గట్టి కొయ్యకి ఇంకో కిటికీ ఉంటాయి. చింత, తుమ్మ కోసేవాళ్లు గట్టి కొయ్య కిటికీయే వాడాలి. చైన్ రకాన్ని బట్టి గైడ్ మారుతుంది, ఒకదానిది ఇంకోదానికి కూర్చోదు. వేరే కంపెనీల చైన్ల మీద పెట్టే ముందు చేత్తో కదిపి చూడండి, ఊగుతుంటే వాడొద్దు.

టూ-ఇన్-వన్

స్టిల్ పేరుతోనూ, ఫెర్డ్ పేరుతోనూ వచ్చే ఈ చట్రంలో రెండు గుండ్రటి ఆకురాళ్లు, ఒక బల్లపరుపు ఆకురాయి ఉంటాయి. గుండ్రటిది పన్నుని రుద్దుతుంటే బల్లపరుపుది అదే తోపులో డెప్త్ గేజ్‌ని దించుతుంది. రెండు చేతులతో రెండు పిడులు పట్టుకుని, చట్రం మీది కోణం గీతని బార్‌కి సమాంతరంగా ఉంచి తొయ్యడమే పని. రెండో వైపు పళ్లకి పోయేటప్పుడు లోపలి అమరికని అవతలి పక్కకి మార్చుకోవాలి. ఇది మరిచిపోయి తొయ్యడం మొదలుపెట్టేవాళ్లు చాలామంది ఉంటారు.

రైతులకీ, వారానికి రెండు మూడు సార్లు మాత్రమే మిషన్ తీసేవాళ్లకీ ఇదే మొదటి ఎంపిక. కారణం వేగం కాదు, డెప్త్ గేజ్. మన దగ్గర పారేసిన చైన్లు తీసి చూస్తే చాలావాటిలో సగానికి పైగా పన్ను మిగిలే ఉంటుంది. గేజ్ మాత్రం కొత్తలో ఎలా వచ్చిందో అలాగే ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పన్ను పై రేకు వెనక్కి పోయేకొద్దీ కిందికి వాలి ఉంటుంది. అంటే రుద్దినకొద్దీ పన్ను ఎత్తు తగ్గుతుంది. గేజ్ ఎత్తు తగ్గకపోతే అది కొయ్యని ముందే తాకి పన్నుని దిగనివ్వదు. అంచు బ్లేడులా ఉన్నా మాను తెగదు. చైన్ అయిపోయిందనుకుని కొత్తది కొంటారు. టూ-ఇన్-వన్‌లో ఈ పొరపాటుకి తావు లేదు.

లోపాలూ ఉన్నాయి. గేజ్ లోతు ఒకేచోట స్థిరంగా ఉంటుంది, మార్చుకునే వీలు లేదు. ఎండిన తుమ్మ, చింత చేవ కోసేవాళ్లకి కాస్త ఎక్కువ లాగినట్టు అనిపించవచ్చు. గేజ్ ఎన్నడూ దించని పాత చైన్ మీద మొదటిసారి పెట్టినప్పుడు బల్లపరుపు ఆకురాయికే పని ఎక్కువ పడుతుంది, చట్రం బరువుగా పోతుంది, గుండ్రటిది పన్నుకి సరిగా ఆనదు. అలాంటప్పుడు ముందు విడిగా గేజ్‌లు దించుకుని తర్వాత దీన్ని వాడాలి. పళ్ల పొడవుల తేడా కూడా ఇది సరిచెయ్యదు. 4.8 మి.మీ.ది కొంటే .325 చైన్‌కే, లో ప్రొఫైల్‌కి 4.0 మి.మీ.ది వేరే కొనాలి. నకళ్లు బోలెడు దొరుకుతున్నాయి. వాటిలో చూడాల్సింది ఒక్కటే: బల్లపరుపు ఆకురాయి తన గాడిలో కదలకుండా కూర్చుందా? వేలితో నొక్కితే అది కిందికీ పైకీ ఆడుతుంటే గేజ్‌లు ఒక్కోటి ఒక్కో ఎత్తుకి వస్తాయి. ఆ నకలు తీసుకోవద్దు.

బార్‌కి బిగించే చట్రం

అమెరికా గ్రాన్‌బర్గ్ కంపెనీ ఫైల్-ఎన్-జాయింట్ ఈ తరహాకి మూలం. ఇప్పుడు మార్కెట్లో ఉన్నవి ఎక్కువగా దాని నకళ్లు. బార్‌కి మరలతో బిగిస్తాం, పైన విల్లులాంటి కమ్మీలో ఆకురాయి ఉంటుంది. కోణం, వాలు, ఎత్తు మూడూ మరలతో నిర్ణయించుకోవచ్చు. పన్ను వెనక ఆనే ఒక అడ్డు ఉంటుంది, దాన్ని ఒకచోట బిగిస్తే ప్రతి పన్నూ అదే పొడవుకి వస్తుంది. ఇంత కచ్చితంగా అన్ని పళ్లనీ సమం చేసే చేతి సాధనం ఇంకోటి లేదు.

అయితే ఇది తోటలోకి తీసుకెళ్లే సామాను కాదు. అమర్చుకోడానికే పది పదిహేను నిమిషాలు పడుతుంది. దీని అసలు ప్రయోజనం మరమ్మతు. రోడ్డు పక్క వేప, చింత మానులకి బోర్డులు కొట్టిన మేకులు ఉంటాయి, మాను పెరిగి వాటిని లోపలికి మింగేస్తుంది. అలాంటి మేకు తగిలితే ఒకవైపు పళ్లు వరసగా మూలలు పోగొట్టుకుంటాయి. అప్పుడు అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్న పన్నుని బాగైన అంచు వచ్చేదాకా రుద్ది, అడ్డుని ఆ పొడవుకి బిగించి, మిగతా వాటన్నిటినీ అక్కడికి దించాలి. ఒక్క పన్నే బాగా విరిగితే దాని కోసం మిగతా 42 పళ్లనీ కరిగించక్కర్లేదు, ఆ ఒక్కటీ పొట్టిగా ఉన్నా కోతకి పెద్ద లోటు రాదు.

నకళ్లలో మూడు చోట్ల తేడా వస్తుంది. తిరిగే కీలు దగ్గర ఆట ఉంటుంది, రెక్కల నట్లు రుద్దుతుంటే వదులవుతాయి, లోపల ఇచ్చే ఆకురాయి పనికిరాదు. కొత్తలోనే రెక్కల నట్ల కింద స్ప్రింగ్ వాషర్లు వేసి, మంచి ఆకురాయి ఒకటి కొని పెట్టుకుంటే మూడింట రెండు బాధలు తీరతాయి. కీలులో ఆట ఉంటే దానికి మందు లేదు, షాపులోనే ఊపి చూసి కొనాలి. కోణం కొలత మీద కూడా గుడ్డి నమ్మకం వద్దు. పన్ను పై రేకు వెనక అంచు దగ్గర చాలా కంపెనీలు ఒక ఏటవాలు గీత చెక్కుతాయి. అది చూపించే కోణమే అసలు కోణం, పన్ను ఎంతవరకు అరగవచ్చో చెప్పేదీ అదే.

తిరిగే రాళ్లు, గ్రైండర్

పన్నెండు వోల్టుల మిషన్లు, డ్రెమెల్ లాంటి చేతి మిషన్లకి తగిలించే గుండ్రటి రాళ్లు చూడ్డానికి హాయి. తొయ్యాల్సిన పని లేదు, చెయ్యి నొప్పి లేదు. ఆకురాయికి లేని జబ్బు రాయికి ఉంది, అది అరిగి సన్నబడుతుంది. 4.8 మి.మీ. రాయి కొద్ది చైన్లకే 4.4కి వస్తుంది, దానితో చేసిన పళ్లు కొక్కేలవుతాయి. రాయిని తరచూ కొలిచి మార్చే ఓపిక ఉన్నవాళ్లే దీని జోలికి పోవాలి. పన్నుకి ఒకటి రెండు సెకన్లకి మించి ఆనించకూడదు.

బల్ల గ్రైండర్ వేరే సంగతి. సరైన చక్రం వేసి, తేలిగ్గా తడిమినట్టు తాకిస్తూ పోతే మేకు తగిలిన చైన్‌ని అరగంటలో బతికిస్తుంది. లో ప్రొఫైల్, .325 చైన్లకి 3.2 మి.మీ. మందం చక్రం, 3/8, .404కి 4.8 మి.మీ. చక్రం. కానీ పట్నాల్లో చైన్‌కి ఇంతని తీసుకుని పట్టిచ్చే చోట్ల చాలామంది తొందరలో ఒకే దెబ్బకి లోతుగా దించేస్తారు. పన్ను అంచు నీలంగా మారుతుంది. ఆ నీలం తేలిన చోట ఉక్కు పాయనం (కాల్చి చల్లార్చి తెచ్చిన గట్టిదనం) చెడినట్టే. తర్వాత ఆకురాయి పెడితే కొన్నిచోట్ల గాజు మీద జారినట్టు జారుతుంది, అంచు నిలవదు. నీలం పోయేదాకా కొద్దికొద్దిగా తీసెయ్యడం తప్ప దారి లేదు, దానికి పన్నులో మంచి భాగమే పోతుంది. చేత్తో నాలుగైదు సార్లు పదును పెడితే పోయే లోహం అక్కడ ఒక్కసారికే పోవడం మామూలు. చైన్ వెనక్కి తీసుకునేటప్పుడు రెండు వైపులా పళ్ల అంచులు వెలుగులో చూసుకుని, నీలం కనిపిస్తే అక్కడే చెప్పండి. డెప్త్ గేజ్‌లు దించారా అని కూడా అడగండి, చాలాచోట్ల వాటిని ముట్టుకోరు.

కార్బైడ్ పళ్ల చైన్లకి ఇక్కడ చెప్పిన ఆకురాళ్లేవీ పనిచెయ్యవు, వాటికి వజ్రపు చక్రమే కావాలి.

డెప్త్ గేజ్ దించడం

టూ-ఇన్-వన్ తప్ప మిగతా ఏ పద్ధతి వాడినా ఇది విడిగా చెయ్యాలి. మూడు నాలుగు సార్లు పదును పెట్టాక ఒకసారి కొలవండి. లో ప్రొఫైల్, .325, 3/8 చైన్లకి గేజ్ పన్ను అంచు కంటే సుమారు 0.65 మి.మీ. కింద ఉండాలి, .404కి 0.8 మి.మీ. కొలిచే రేకు చవగ్గానే దొరుకుతుంది. లేకపోయినా పరవాలేదు. బైక్ మెకానిక్ వాల్వులు సెట్ చేసే ఫిల్లర్ గేజ్ తెచ్చి, రెండు పళ్ల మీద ఉక్కు స్కేలు తిన్నగా ఆనించి, స్కేలుకీ డెప్త్ గేజ్‌కీ మధ్య 0.65 ఆకు దూర్చి చూడండి. దూరకపోతే దించాలి.

బల్లపరుపు ఆకురాయితో ఒకటి రెండు తోపులు వేసి మళ్లీ కొలవండి. దించాక గేజ్ ముందు మూలని ఏటవాలుగా గుండ్రం చెయ్యడం మరిచిపోవద్దు. కొత్తలో అది ఏ వాలుతో ఉందో ఆ వాలే మళ్లీ రావాలి. మూల చదునుగా మిగిలితే కొయ్యకి గుద్దుకుంటుంది, మిషన్ చేతుల్లో అదురుతుంది. అన్ని గేజ్‌లూ ఒకే ఎత్తులో ఉండాలి.

తక్కువ దించితే కోత నెమ్మదిస్తుంది, అంతే. ఎక్కువ దించితే ప్రమాదం. పన్ను మితిమీరి కొరుకుతుంది, 58 సీసీ మిషన్ కోత మధ్యలో ఆగిపోతుంది, క్లచ్ జారి కాలుతుంది, బార్ కొస తగిలితే మిషన్ మొహం మీదికి ఎగిరే బలం పెరుగుతుంది. అతిగా దించిన గేజ్‌ని మళ్లీ పెంచలేం. పళ్లని దాని దగ్గరికి వచ్చేదాకా అరగదీయడం ఒక్కటే దారి. అందుకే కొలవకుండా కంటి అంచనాతో గేజ్ రుద్దేవాళ్లకి మిషన్ అప్పగించకండి.

కోత చెప్పే సంగతులు

పొట్టు చూడండి. పచ్చి సుబాబుల్‌లో కూడా పిండిలా రాలుతుంటే పళ్లు మొద్దుబారినట్టు. రేకులు రేకులుగా రాలితే బాగున్నట్టు. పళ్లు పదునుగా ఉండి కూడా పిండి రాలుతుంటే గేజ్‌లు ఎత్తుగా ఉన్నాయి. కోత ఎడమకో కుడికో వంకరపోతే రెండు వైపుల పళ్ల పొడవు, కోణం కొలవండి. అవి సమంగానే ఉంటే తప్పు చైన్‌ది కాదు, బార్ గాడి అంచుల్లో ఒకటి ఎక్కువ అరిగి ఉంటుంది. బార్ తీసి నిలువుగా ఒక సమతలం మీద నిలబెట్టి చూస్తే తెలిసిపోతుంది. అలాంటి బార్ మీద ఎంత మంచి పదునైనా వంకరే కోస్తుంది. మిషన్ గడగడ కొట్టుకుంటూ కోస్తే గేజ్‌లు ఎక్కువ దిగాయి, లేదా పళ్లు కొక్కేలయ్యాయి.

కొబ్బరి, తాటి మానుల పైపొర నార పళ్లని చాలా తొందరగా తినేస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో లాగా నేలకొరిగి మట్టి పట్టిన కొబ్బరి మానులు కోసేటప్పుడు ట్యాంకు పెట్రోలు అయ్యేలోగానే పదును పోవచ్చు. తీరం వెంట సరుగుడు తోటల్లో మొదలు దగ్గర బెరడులో ఇసుక ఉంటుంది, అదీ అంతే. ఇలాంటి చోట మూల గుండ్రంగా ఉండే సెమీ చిజల్ చైన్ వాడాలి. మూల చతురస్రంగా ఉండే ఫుల్ చిజల్ శుభ్రమైన కొయ్యలో వేగంగా పోతుంది కానీ ఇసుక తగిలిన మరుక్షణం పని మానేస్తుంది. గొడ్డలితో బెరడు చెక్కేసి కోత మొదలుపెడితే ఆకురాయి పని సగం తగ్గుతుంది.

ఏది కొనాలంటే

రోజూ కోతకి పోయేవాళ్లు రోలర్ గైడ్‌తో మొదలుపెట్టి ఒట్టి ఆకురాయికి మారాలి, ఇంటి దగ్గర బార్ చట్రం ఒకటి ఉంచుకోవాలి. సొంత తోట, కట్టెలు, గాలివానకి పడిన చెట్ల వరకే మిషన్ తీసేవాళ్లకి టూ-ఇన్-వన్ చాలు. చేతిలో డబ్బు తక్కువైతే రేకు గైడ్, రెండు మంచి ఆకురాళ్లు, ఒక బల్లపరుపు ఆకురాయి, కొలిచే రేకు. దీన్ని మించిన బేరం లేదు. తిరిగే రాయి ఎవరికీ మొదటి సాధనంగా చెప్పలేం. గ్రైండర్ సొంతంగా కొనడం పది మిషన్లు నడిపే కాంట్రాక్టరుకే గిట్టుతుంది.

ఆకురాయి కూడా అరిగిపోయే సరుకే. తోస్తుంటే కొరికే చప్పుడు పోయి జారుతున్న చప్పుడు వస్తే, నాలుగు తోపుల్లో పొయ్యే మెరుపు పదింటికీ పోకపోతే దాన్ని పక్కన పడేసి కొత్తది తీయండి. పన్ను సగానికి పైగా అరిగాక 5.5 వాడే 3/8 చైన్‌కి 5.2 వాడటం మేలు, పన్ను ఎత్తు తగ్గింది కాబట్టి పాత లావు ఆకురాయి కింది లింకుని గీకుతుంది. పదును పూర్తయ్యాక చైన్‌ని బ్రష్‌తో కడిగి ఇనుప రజను పోయేలా చూసి, నూనెలో ముంచి, బిగువు మళ్లీ మామూలుకి సరిచేసి తిప్పండి. పై రేకు పొడవు 4 మి.మీ.కి దిగినా, చెక్కిన గీతకి చేరినా ఆ చైన్‌కి ఇక ఆకురాయి పెట్టకండి, సన్నబడిన పన్ను విరిగి ఎగిరే అవకాశం ఉంది. కొత్త చైన్ వేసేటప్పుడు స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ల చక్రం) పళ్ల మీద గాట్లు చూడండి. లోతుగా పడి ఉంటే అదీ మార్చండి, అరిగిన స్ప్రాకెట్ కొత్త చైన్‌ని కొద్ది రోజుల్లోనే సాగదీస్తుంది.